మామిడి తొక్కల కుప్పకు పొరపాటున తగిలిన నోటీసు గురించి

జల కాలుష్య ఫిర్యాదుల ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
నందిగామ.

నందిగామ మండలంలో మునేటికి చేరువనున్న గ్రామ నివాసి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు సోమయాజుల రామచంద్రమూర్తి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామస్థుడు అనుమోలు వీరరాఘవయ్య నడుపుచున్న కంపోస్టు యార్డును మూసివేయుచు తమ కార్యాలయము వారు జారీ చేసిన నోటీసును రద్దు చేయవలెనని, సదరు నోటీసులో ఫిర్యాదుదారుగా నా పేరు ఉండుట వలన కలిగిన అపార్థమును తొలగించవలెనని కోరుట గురించి.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా:

1. మా ఊరికి ఎగువన, హైవే నుంచి కొంచెం లోపలికి, పండ్ల గుజ్జు తీయు ఫ్యాక్టరీ ఒకటి కలదు. వేసవిలో మామిడి, తరువాత జామ, బొప్పాయి. గుజ్జు డబ్బాలకెక్కి దేశాలు పోవును. తొక్క, టెంక, కడిగిన తొట్ల అడుగున పేరుకొన్న మడ్డి మాత్రము ట్రాక్టర్లలో మా వాగు గట్టుకు చేరెడివి. వాన పడినప్పుడు ఆ కుళ్ళంతయు వాగులోనికి దిగెడిది. వాగు పోయి మునేట్లో కలియును. నీటి మీద తెల్లని నురుగు, గట్టు పొడవునా పులిసిన కంపు, తేలిన చేపపిల్లలు. గట్టు దగ్గరి బోర్లలో సైతము నీరు పులుపెక్కినది.

దీనిపై నేను ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకొన్నాను. ప్రతి దానికీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చెడిది. "పండ్ల వ్యర్థములు ఆరుబయట కుప్పలుగా పోయబడి, పరిసర జలములను కలుషితము చేయుచున్నవి" అన్న వాక్యము నేను ఎంతో ఆలోచించి కూర్చినది. ప్రతి అర్జీలోనూ దానినే వాడితిని. ఆ వాక్యమే ఇప్పుడు నా కొంప ముంచినది.

2. సదరు వీరరాఘవయ్య, నేను ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. నేను పై చదువులకు వెళ్ళాను, అతను పొలంలోకి వెళ్ళాడు. మనిషి మంచివాడే కాని గొంతు పెద్దది. వీధి చివర మాట్లాడితే మా పెరట్లో వినిపిస్తుంది. నేను అర్జీలు రాసుకుంటుంటే, "మూర్తీ, నువ్వు రాసిన కాయితాలన్నీ ఆ వాగులో ఏసినా ఈ పాటికి అడ్డుకట్ట పడేదిరా" అని నలుగురిలో నవ్వేవాడు.

అతని బోరు నీళ్ళు కూడా పులిసి, గేదెలు తొట్టి దగ్గర మూతి తిప్పుకున్నాయి. అప్పుడు అతను అర్జీ పెట్టలేదు. తలపాగా చుట్టుకుని నేరుగా ఫ్యాక్టరీ గేటుకు పోయి, "ఆ చెత్తేదో నాకే ఇయ్యండి" అని అడిగాడు. నేను ఆపమని అన్నేళ్ళు మొత్తుకున్నదాన్ని అతను ఇమ్మని అడిగాడు. వాళ్ళు ఆ రోజే ఇచ్చారు.

3. అతను తన మెట్ట చేలో తొక్కనీ మడ్డినీ వరసలుగా పోయించి, పైన పేడ కలిపి, కంపోస్టు చేస్తానని ప్రకటించాడు. మొదటేడు అది కంపోస్టు కాలేదు. ముద్దయిపోయి, ఈగలు ముసిరి, ఊరంతా ముక్కు మూసుకుంది. తమ ముందు దాచడమెందుకు, ఆ వేసవి నేను చాలా సుఖంగా గడిపాను.

ఆ మరుసటి ఏడు అతను పత్తి కట్టె వైపు చూశాడు. మా మెట్టలో పత్తి తీసేశాక కట్టెను అందరూ చేలోనే తగలబెడతారు. అతను దాన్ని యంత్రంలో పొడి చేయించి, తొక్కకు సమంగా కలిపాడు. కట్టె పొడి తడిని పీల్చుకుంది, కుప్పలోకి గాలి ఆడింది. వారం తిరగకముందే కుప్ప లోపల వేడెక్కి, చలికాలం పొద్దున పూట దాని మీద నుంచి ఆవిరి లేచేది. కిందికి కారే రసం నేలలోకి ఇంకకుండా పట్టా పరిచి, గుంటలోకి మళ్ళించి, మళ్ళీ కుప్ప మీదనే చల్లించాడు. ఆపైన ఫ్యాక్టరీ నుంచి ఒక్క ట్రాక్టరు కూడా వాగు గట్టుకు రాలేదు.

వర్షాకాలం వచ్చింది, వెళ్ళింది. వాగులో నురుగు లేదు. తరువాతి ఏడు నీళ్ళ అడుగున ఇసక కనపడింది.

నేను ఒంటరిగా వెళ్ళి గట్టు మీద నిలబడి చూశాను. అయ్యా, నా జీవితంలో నేను అంత గట్టిగా కోరుకున్నది మరొకటి లేదు. అది నా కళ్ళ ముందు ఉంది. నాకు ఏడుపొచ్చింది. అది సంతోషంతో వచ్చిన ఏడుపు కాదు.

4. ఆపై జరిగినవి సంగ్రహముగా మనవి చేయుచున్నాను. పేపరువాళ్ళు వచ్చి రాఘవయ్య పార పట్టుకున్న ఫొటో వేశారు. జిల్లా అధికారులు వచ్చి శాలువా కప్పారు. చందర్లపాడు, వీరులపాడు రైతులు ట్రాలీలు కట్టుకొచ్చి ఎరువు తీసుకెళ్ళారు. నేను పాతికేళ్ళు పాఠం చెప్పిన బడిలో ఆగస్టు పదిహేనున జెండా ఎగరెయ్యడానికి అతన్ని పిలిచారు. నన్ను రెండో వరసలో కూర్చోబెట్టారు. జెండా సగంలో చిక్కుకుంటే తాడు సరిచేసింది నేను. ఫొటోలో నా చెయ్యి మాత్రమే వచ్చింది.

ఇవి బయటి సంగతులు. ఇంట్లో నా భార్య అమ్మణ్ణి కూడా ఆ ఎరువే తెప్పించుకుంది.

"ఏమండీ, రాఘవయ్యగారి ఎరువేశాక చిక్కుడుపాదు చూశారా? పందిరి దాటి గోడెక్కింది" అని రోజూ పిలిచేది.

"మన నేల మంచిది" అన్నాను.

"నేల మంచిదైతే నిరుడెందుకు కాయలేదండీ?"

ఆ సీజనంతా ఇంట్లో చిక్కుడుకాయ కూర. నేను ముట్టలేదు. పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని లేచేవాణ్ణి. అమ్మణ్ణికి కారణం తెలుసు. తెలిసి కూడా, "పళ్ళు నొప్పా?" అని అడిగేది.

5. మా అమ్మాయి వాగ్దేవి జగ్గయ్యపేటలో హైస్కూలు సైన్సు టీచరు. ఒకనాడు ఫోను చేసి, పిల్లలను బస్సులో మా ఊరు తీసుకొస్తున్నానని చెప్పింది. వాగు శుభ్రపడిన సంగతి పిల్లలకు చూపిస్తుందట. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత అర్జీల నకళ్ళు ఒక సంచిలో పెట్టుకుని, అరుగు మీద కూర్చున్నాను. అమ్మణ్ణి పులిహోర కలిపింది. బస్సు మా వీధి మొదట్లోనే మలుపు తిరిగి యార్డు వైపు పోయింది.

నేను నడుచుకుంటూ వెళ్ళేసరికి రాఘవయ్య కుప్ప ఎక్కి నిలబడి ఉపన్యసిస్తున్నాడు. మా అమ్మాయి పిల్లలతో, "మా ఊరి నీళ్ళు బాగుచేసింది ఈయనే" అని చెబుతోంది. ఒక పిల్ల నన్ను చూసి, "ఈయనెవరు మేడం?" అని అడిగింది.

"మా నాన్నగారు."

అంతే. ఆ పిల్ల నాకు నమస్కారం పెట్టి మళ్ళీ కుప్ప వైపు తిరిగింది. సంచిని వీపు వెనక పెట్టుకున్నాను.

వాగ్దేవి మనసులో చెడు ఏమీ లేదు. ఉన్నమాటే చెప్పింది. అందుకే మరీ నొప్పి కలిగింది.

6. ఇక ప్రస్తుత విషయము. ఈ మామిడి సీజను మొదట్లో తమ కార్యాలయ సిబ్బంది మా గ్రామము విచ్చేసిరి. ఎన్నో ఏళ్ళుగా పరిశీలనలో ఉన్న నా అర్జీ ఎట్టకేలకు వారి చేతికి వచ్చినదట. పండ్ల వ్యర్థములు ఆరుబయట కుప్పలుగా ఉన్న చోటు కోసము వెదకిరి. వాగు గట్టు శుభ్రముగా ఉన్నది. రాఘవయ్య చేలో పండ్ల వ్యర్థములు, ఆరుబయట, కుప్పలుగా ఉన్నవి. నా వాక్యము అక్షరమక్షరము సరిపోయినది. గేటుకు సీలు వేసి, "శ్రీ రామచంద్రమూర్తి గారి ఫిర్యాదు మేరకు" అని నోటీసు అంటించిరి. తదుపరి ఉత్తర్వుల వరకు వీరరాఘవయ్య సదరు కుప్పలను ముట్టరాదని అందులో ఉన్నది.

ఆ నోటీసు నేను గేటు దగ్గర నలుగురి మధ్య నిలబడి చదివాను. నా పేరు, కింద ప్రభుత్వ ముద్ర. నా అర్జీకి మొట్టమొదటిసారి ఒక చర్య. తప్పు చోట తగిలిందని తెలిసీ, లోపల ఏదో పాయసం తాగినట్టు తియ్యగా అనిపించింది. ఇంటికి వెళ్ళేటప్పుడు కొంచెం నిటారుగా నడిచానని కూడా జ్ఞాపకం. ఊరివాళ్ళు నన్ను చూసి మాటలాపేశారు. వాళ్ళ ఉద్దేశంలో నేను ఓర్వలేక రాశాను. ఓర్వలేనిది నిజం, రాసింది నిజం. రెంటికీ మధ్య ఏళ్ళ దూరం ఉందని ఎవరికి చెప్పను?

7. ఫ్యాక్టరీ ఆగదు కదా. కాయ వస్తూనే ఉంది, తొక్క వస్తూనే ఉంది. పోయడానికి చోటు లేక ట్రాక్టర్లు మళ్ళీ వాగు గట్టుకు మళ్ళాయి. అకాల వర్షం ఒకటి పడింది. సాయంత్రం అమ్మణ్ణి గుమ్మంలో నిలబడి, "ఏమండీ, మీకేమైనా వాసన వస్తోందా?" అంది.

"లేదే" అన్నాను. వస్తోంది. ఆమెకూ వస్తోంది. ఆమె కిటికీలు మూసింది.

పొద్దున వాగు దగ్గరకు వెళ్ళాను. నురుగు తిరిగొచ్చింది. చేపపిల్లలు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఈ రెండేళ్ళలో వాగులో మళ్ళీ చేపలు పుట్టాయన్న సంగతి అవి చచ్చాకే తెలిసింది. ఇసక కనపడిన ఆ రోజు తరువాత మళ్ళీ అటు చూడడానికి నాకు మనసొప్పలేదు.

ఆ రోజే వాగ్దేవి ఫోను చేసింది.

"నాన్నా, నోటీసులో మీ పేరుందిట కదా?"

"ఉందమ్మా."

"మీరే రాశారా?"

"రాశాను. కానీ అది..."

"ఎందుకు నాన్నా? ఆయన మిమ్మల్నేం చేశారు?"

ఎప్పుడు రాశారని అడిగి ఉంటే నా దగ్గర జవాబుంది, తేదీతో సహా ఉంది. ఎందుకని అడిగింది. నేను మాట్లాడేలోగా, "బెల్లయింది, క్లాసుకెళ్ళాలి" అని పెట్టేసింది. ఆ తరువాత ఫోను చేయలేదు.

8. నిన్న ఉదయం యార్డుకు వెళ్ళాను. గేటుకు సీలుంది కాని చుట్టూ గోడ లేదు, పక్క చేలోంచి ఎవరైనా రావచ్చు. రాఘవయ్య రేకుల షెడ్డు నీడన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"చూసి సంతోషపడదామనొచ్చావా?" అన్నాడు. ఆ పెద్ద గొంతు లేదు.

"అది నీ యార్డు పుట్టకముందు రాసింది రాఘవయ్యా. ఫ్యాక్టరీ మీద రాసింది."

"తెలుసు."

"తెలుసా?"

"నేనేం చదువు రానోణ్ణి కాదుగా. నోటీసు అడుగున చిన్న అచ్చరాలతో నీ అర్జీ తేదీ ఏసారు. అయినా నా మీద నువ్వు రాస్తే ఇంత పొట్టిగా ఆపుతావా?"

తరువాత నడిమి వరస చూపించాడు. "దాన్ని ఈ వారం తిరగెయ్యాల. నేను చెయ్యెయ్యకూడదంట. పనోళ్ళు సీలు చూసి భయపడి రావట్లా. ఇట్టాగే వదిలేస్తే లోపల గాలాడక కుళ్ళిపోద్ది. అప్పుడు నువ్వు రాసిన కంపు నిజంగానే వస్తది."

నేను వెళ్ళి ఆ కుప్పలో చెయ్యి పెట్టాను. చురుక్కుమంది, వెంటనే తీసేశాను. అన్నేళ్ళు ఆ తొక్కల గురించి రాశాను గాని దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"మూర్తీ, ఒకటి చెప్పనా?" అన్నాడు రాఘవయ్య. "ఫ్యాక్టరీవోళ్ళు నాకు తొక్క ఊరికే ఎందుకిచ్చారనుకున్నావు?"

"వదిలించుకోవడానికి."

"గట్టున పడేస్తే వదలదా? అడిగిన రోజే ఆ మేనేజరు స్టీవెన్ గారు చెప్పాడు. 'మీ ఊళ్ళో మూర్తిగారని ఒకాయన ఉన్నారు. ఆయన అర్జీ పెట్టినప్పుడల్లా పైనుంచి నాకు ఫోనొస్తుంది. సంజాయిషీలు రాయలేక చస్తున్నా. ఆ గట్టు ఖాళీ అయితే చాలండి, మొత్తం మీరే పట్టుకెళ్ళండి' అన్నాడు. మొదట్లో ట్రాక్టర్లు కూడా ఆయనే పంపాడు."

"ఈ సంగతి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే పేరు నీకొస్తదిగా."

"అదేం మాట?"

"మరేం మాట? బళ్ళో ఉన్నప్పట్నుంచీ చూస్తన్నా. మేష్టారు పద్యం చదివించేది నీ చేత. పంచాయితీలో కాయితం రాయాలంటే నువ్వు. ఊళ్ళోకి ఆఫీసరొస్తే మాట్టాడేది నువ్వు. ఒక్కసారి నా చేతికి మైకొచ్చింది. అది కూడా నీకిమ్మంటావా?"

"ఇమ్మంటాను" అన్నాను.

అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అయ్యా, ఈ మాట విన్నాక నా అసూయ చల్లారిందని తమరు అనుకోవచ్చు. రెట్టింపైంది. ఇదివరకు అతనికి దక్కినది చూసి ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు అందులో సగం నాదని తెలిసి ఏడుస్తున్నాను. శాలువా కప్పిన రోజున, జెండా రోజున, మా అమ్మాయి బస్సు వచ్చిన రోజున, ఒక్క ముక్క అతని నోట వచ్చి ఉంటే నాకు చాలేది. రాలేదు. నేను అతని చోట ఉన్నా చెప్పి ఉండేవాణ్ణా అంటే, ఆ విషయమై జవాబు ఇచ్చుకొనలేను.

నేను వచ్చేస్తుంటే అతను వాగు వైపు తిరిగి, "ఇంకోటి రాయి మూర్తీ. నీలా రాసేవోడు ఈ చుట్టుపక్కల లేడు" అన్నాడు. సరిగా వినపడలేదని మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు.

9. కావున తమరు దయతో చేయవలసినవి:

(అ) సదరు నోటీసును తక్షణము రద్దు చేసి, సీలు తీయించవలెను. తొక్క తమ ఉత్తర్వుల కోసము ఆగదు. ఆలస్యమైన కొలదీ కుప్ప కుళ్ళును, వాగు కుళ్ళును.

(ఆ) ఫ్యాక్టరీ వ్యర్థములు వాగు గట్టుకు గాక యార్డుకే చేరునట్లు, యార్డు నిండిన పక్షమున రెండవ యార్డు ఏర్పడునట్లు ఫ్యాక్టరీ వారిని ఆదేశించవలెను.

(ఇ) రద్దు ఉత్తర్వులో నా పాత అర్జీ తేదీని స్పష్టముగా పేర్కొని, నకలు ఒకటి జగ్గయ్యపేట హైస్కూలు సైన్సు టీచరు శ్రీమతి వాగ్దేవికి పంపవలెను. తండ్రి చెప్పినదానికన్నా ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితము తొందరగా నమ్మబడునని నా ఆశ.

(ఈ) వాగు బాగుపడుటకు కారకులైన వారి పేర్లు ఎక్కడైనా వ్రాయవలసి వచ్చినచో, ఇద్దరివీ వ్రాయవలెను. ఎవరి పేరు ముందు అన్న వివాదమునకు తావు లేకుండ అకారాది క్రమమున వ్రాసిన న్యాయముగా నుండును. రకారము వకారమునకు ముందు వచ్చునని తమకు విన్నవించనక్కరలేదు.

పై సంగతులన్నీ వాగు నీళ్ళంత నిజమని, అవి తేటగా ఉన్నప్పటి నీళ్ళంత నిజమని చిత్తగించవలెను.

ఇట్లు,
ఓర్వలేనితనము తప్ప వేరు దురుద్దేశము లేని
తమ విధేయుడు,
సోమయాజుల రామచంద్రమూర్తి

సాక్షి: అనుమోలు వీరరాఘవయ్య

తా.క.: అయ్యా, ఇది రాస్తంది సాక్షిని, వీరరాఘవయ్యని. సంతకం పెట్టమని కాయితం నా చేతికిచ్చి మూర్తి అటు పోయాడు. మొత్తం చదివా. చాలా వరకు నిజమేనండి. మొదటేడు ముక్కు మూసుకుంది ఊరంతా కాదు, మా వీధి చివర నాలుగిళ్ళు. పేర్ల సంగతి మాత్రం చూసుకోండి, ఇంటిపేర్లతో రాస్తే నాదే ముందొస్తది.

అసలు ముక్క ఇది. మీరు తొందరగా రావాలండి. మూర్తి పంచె ఎగ్గట్టి నడిమి వరస తిరగేస్తన్నాడు. పార పట్టుకోటం కూడా రాదు, ఒళ్ళంతా తొక్కే. సీలుందిరా, వద్దురా అంటే, "ముట్టుకోకూడదని నీకు రాశారు. ఫిర్యాదుదారు ముట్టుకోకూడదని ఎక్కడుంది?" అంటన్నాడు. నన్ను షెడ్డు దాటి రానివ్వట్లా. మధ్యలో ఆగి నడుం పట్టుకుంటన్నాడు, మళ్ళీ మొదలెడతన్నాడు. సగం వరస అయిపోయింది. పని బానే చేస్తన్నాడు, ఆ మాట వాడితో అనబాకండి. ఇట్టాగే ఇంకో రెండ్రోజులు పోతే ఈ కంపోస్టు తనే కనిపెట్టానంటాడు. ఆలోపు వచ్చి సీలు తియ్యండి.